శనివారం బడి: ప్రభుత్వ పాఠశాలకు ఒక ప్రశ్న

అల్పసంఖ్యాక వర్గాల పిల్లల చదువు గురించి ఎక్కడ చర్చ జరిగినా రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడటం పరిపాటి. పిల్లలందరూ ఒకే బడిలో ఒకే పాఠ్యపుస్తకంతో చదువుకున్నప్పుడే సమానత్వం సాధ్యమవుతుందని, వర్గానికో బడి పెడితే సమాజం ముక్కలవుతుందని మొదటి వాదం చెబుతుంది. ఆ ఒకే బడి నిజానికి అధిక సంఖ్యాకుల బడే కాబట్టి, అందులో తన భాషకూ చరిత్రకూ చోటు దొరకని బిడ్డకు సొంత సంస్థలే దిక్కని రెండో వాదం అంటుంది. 1960ల చివరి నుంచి బ్రిటన్‌లో ఆఫ్రికన్-కరీబియన్ వలస కుటుంబాలు తమ సాంస్కృతిక కేంద్రాల్లో, చర్చి హాళ్లలో, ఇళ్ల ముందుగదుల్లో నడిపిన అనుబంధ పాఠశాలల అనుభవాన్ని పరిశీలిస్తే ఈ రెండు వాదాలూ సగం నిజాలేనని తేలుతుంది. అనుబంధ పాఠశాల అంటే ప్రభుత్వ బడిని మాన్పించి పిల్లలను తనవైపు తిప్పుకునేది కాదు. వారమంతా ప్రభుత్వ బడికి వెళ్లే పిల్లలకు శనివారం ఉదయమో, సాయంత్రం పూటో, వేసవి సెలవుల్లోనో చదువు చెప్పే స్వచ్ఛంద సంస్థ. వీటికి శనివారం బడులన్న పేరు కూడా స్థిరపడింది. ఇవి రాణించిన చోట మూడు పనులు కలిసి సాగాయి: చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పడం, పాఠ్యపుస్తకం వదిలేసిన చరిత్రను అందించడం, అసలు బడి మారాలని తల్లిదండ్రులను కూడగట్టడం. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జారిపోయినా ఆ కేంద్రం ట్యూషన్‌గానో, పండగలకు పాటలు నేర్పే తరగతిగానో మిగిలిపోతుంది.

వలస, వర్గీకరణ

1948 జూన్‌లో ఎంపైర్ విండ్రష్ అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి వందలాది మందిని లండన్ సమీపంలోని టిల్బరీ రేవులో దించింది. అదే ఏడు వచ్చిన పౌరసత్వ చట్టం వలసరాజ్యాల ప్రజలకు బ్రిటన్‌లో నివసించే హక్కును గుర్తించడంతో, యుద్ధానంతర పునర్నిర్మాణానికి మనుషులు కావలసిన ఆసుపత్రుల్లో, బస్సు డిపోల్లో, రైల్వేల్లో జమైకా, ట్రినిడాడ్, బార్బడోస్‌ల నుంచి వచ్చినవారు చేరారు. 1962లో కామన్వెల్త్ వలసదారుల చట్టం ఆ తలుపును చాలామేరకు మూసేసింది. అమ్మమ్మల వద్ద, నాయనమ్మల వద్ద వదిలి వచ్చిన పిల్లలను తల్లిదండ్రులు క్రమంగా ఒక్కొక్కరినీ రప్పించుకున్నారు. ఏళ్ల తరబడి దూరమైన తల్లిదండ్రులకు, కొత్త చలికి, కొత్త ఇంగ్లిష్ యాసకు ఒకేసారి అలవాటు పడవలసిన స్థితిలో ఆ పిల్లలు విద్యా సంవత్సరం మధ్యలో తరగతి గదిలో అడుగుపెట్టారు. తల్లిదండ్రులు స్వయంగా బ్రిటిష్ వలస పాలనలోని బడుల్లో, ఇంగ్లండు నుంచి వచ్చిన పుస్తకాలతోనే చదువుకున్నవారు గనుక ఇంగ్లండు బడి మీద వారికి అపారమైన నమ్మకం ఉండేది. ఆ నమ్మకం దెబ్బతినడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

విద్యాశాఖ 1965లో జారీ చేసిన ఒక సర్క్యులర్, ఏ బడిలోనూ వలస పిల్లలు సుమారు మూడో వంతుకు మించకుండా చూడాలని స్థానిక సంస్థలకు సూచించింది. ఈ విధానం కింద లండన్ పశ్చిమాన ఉన్న సౌతాల్‌లోని పంజాబీ పిల్లలను పక్కనున్న బడి కాదని బస్సుల్లో దూరపు బడులకు తరలించారు. ఇంతకంటే తీవ్రమైన అన్యాయం మరో రూపంలో కరీబియన్ పిల్లలకు జరిగింది. 1944 విద్యా చట్టాన్ని అనుసరించి వచ్చిన నిబంధనలు వైకల్యాల జాబితాలో ‘చదువులో సామాన్య స్థాయికి తక్కువవారు’ అనే ఒక వర్గాన్ని చేర్చాయి. తెలివితేటల పరీక్షలో తక్కువ మార్కులు వచ్చి, ఉపాధ్యాయుడు సిఫారసు చేసిన పిల్లలను ఈ పేరుతో ప్రత్యేక పాఠశాలలకు పంపేవారు. లండన్ నగర మధ్యభాగంలోని బడులను నిర్వహించే ఇన్నర్ లండన్ విద్యా సంస్థ 1967 నాటి పరిస్థితిపై జరిపిన సర్వే ప్రకారం, సాధారణ బడుల్లో వలస పిల్లలు సుమారు 15 శాతం ఉంటే ఈ ప్రత్యేక పాఠశాలల్లో 28 శాతం ఉన్నారు; ఆ 28 శాతంలో నాలుగింట మూడు వంతుల మంది వెస్టిండియన్ (కరీబియన్) పిల్లలే. ఒకసారి అక్కడికి చేరినవారిలో తిరిగి సాధారణ బడికి వచ్చినవారు అతి కొద్దిమంది. అక్కడి పాఠ్యక్రమం పరీక్షలకు తయారుచేసేది కాదు కాబట్టి, ఆ బదిలీ పత్రం ఆ బిడ్డ భావి జీవనోపాధిని కూడా అప్పుడే నిర్ణయించేది.

గ్రెనడాకు చెందిన బెర్నార్డ్ కోర్డ్ లండన్‌లో ఈ ప్రత్యేక పాఠశాలల్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. బ్రిటిష్ పాఠశాల వ్యవస్థ వెస్టిండియన్ బిడ్డను చదువురాని బిడ్డగా ఎలా తయారుచేస్తున్నదో వివరిస్తూ 1971లో అతను వెలువరించిన చిన్న పుస్తకం ఈ చర్చకు కేంద్రమైంది. పరీక్షలోనూ పరీక్షకుడిలోనూ మూడు రకాల పక్షపాతాలు పనిచేస్తున్నాయని అతను వాదించాడు. మొదటిది సాంస్కృతిక పక్షపాతం: కరీబియన్ ఇంట్లో పలికే ఇంగ్లిష్‌కూ పరీక్ష పత్రంలోని ఇంగ్లిష్‌కూ ఉన్న తేడాను తెలివిలోని తేడాగా లెక్కగట్టడం. రెండోది మధ్యతరగతి పక్షపాతం: శ్రామిక కుటుంబం నుంచి వచ్చిన బిడ్డను మధ్యతరగతి అలవాట్ల కొలబద్దతో కొలవడం. మూడోది మానసిక స్థితికి సంబంధించినది: వలస వల్ల, వివక్ష వల్ల తాత్కాలికంగా కలిగిన కలతను శాశ్వతమైన అశక్తతగా భ్రమపడటం. ఉపాధ్యాయుడు ఒక బిడ్డ నుంచి ఎంత తక్కువ ఆశిస్తాడో బిడ్డ కూడా క్రమంగా తన నుంచి తాను అంతే ఆశించడం మొదలుపెడతాడన్నది ఈ విశ్లేషణకు ముగింపు. కోర్డ్ తరువాతి కాలంలో గ్రెనడా రాజకీయాల్లో అగ్రనాయకుడై, 1983 నాటి రక్తపాతం కేసులో దీర్ఘకాలం జైలుపాలైన వ్యక్తి. ఆ చరిత్ర ఎలా ఉన్నా, 1971లో అతను ముందుంచిన ఆధారాలు నిలబడ్డాయి.

ముందుగదిలో మొదలైన పాఠశాల

కోర్డ్ పుస్తకానికి రెండేళ్ల ముందే ఉత్తర లండన్‌లో ఉద్యమం రాజుకుంది. 1969లో హారింగే స్థానిక సంస్థ, పిల్లలను తెలివితేటల స్థాయిని బట్టి వర్గీకరించి ఉన్నత పాఠశాలలకు పంపిణీ చేయాలని ప్రతిపాదించింది. వెస్టిండియన్ పిల్లల తెలివి సగటున తక్కువన్న అభిప్రాయం ఆ ప్రతిపాదనకు ఆధారమైన అంతర్గత పత్రంలో ఉన్నట్టు బయటపడటంతో తల్లిదండ్రుల సంఘాలు ఏకమై పోరాడాయి. చివరకు స్థానిక సంస్థ వెనక్కి తగ్గవలసి వచ్చింది. ఈ పోరాటంలో ముందున్నవారిలో ట్రినిడాడ్‌లో 1927లో పుట్టి, కార్మిక సంఘాల్లో పనిచేసి, 1961లో బ్రిటన్ చేరిన కవి, ప్రచురణకర్త జాన్ లా రోజ్ ఒకరు. సారా వైట్‌తో కలిసి ఆయన 1966లో స్థాపించిన న్యూ బీకన్ బుక్స్ సంస్థే తరువాత కోర్డ్ పుస్తకాన్ని ప్రచురించింది. హారింగే పోరాటం సాగుతున్న 1969లోనే ఆయన తన ఇంట్లో కొద్దిమంది పిల్లలతో ఒక అనుబంధ పాఠశాల ప్రారంభించి, ట్రినిడాడ్‌కు చెందిన ఆఫ్రికన్ సమైక్యతావాది జార్జ్ ప్యాడ్‌మోర్ పేరు పెట్టాడు. కొద్దికాలంలోనే లండన్‌లోనూ, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ వంటి నగరాల్లోనూ ఇలాంటి బడులు పదుల సంఖ్యలో వెలిశాయి. వాటిలో చాలావాటికి ఘనా నేత క్వామే ఎన్‌క్రుమా, జమైకా నేత మార్కస్ గార్వీ, మొజాంబిక్ స్వాతంత్ర్య పోరాటంలో పనిచేసి 1971లో కన్నుమూసిన జోసినా మషెల్ వంటివారి పేర్లు పెట్టారు.

తరగతి గది విషయానికొస్తే, ఇలాంటి బడిలో వయసును బట్టి కాక వచ్చిన చదువును బట్టి పిల్లలను కూర్చోబెడతారు. పదకొండేళ్ల బిడ్డ ఎనిమిదేళ్ల బిడ్డ పక్కన కూర్చుని వాచకం చదవడంలో వింతేమీ లేదు. మొదటి భాగమంతా చదవడం, పదాల వర్ణక్రమం, ఎక్కాలు, భిన్నాలు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనిపెట్టి అక్కడి నుంచి ఎత్తుకోవడమే ప్రధాన పద్ధతి. తరువాతి భాగంలో చరిత్ర వస్తుంది. బానిసలు తిరగబడి, 1791 నుంచి 1804 వరకు పోరాడి హైతీని స్వతంత్ర దేశంగా నిలబెట్టిన కథ, ఆఫ్రికా రాజ్యాల కథ, కరీబియన్ కార్మికోద్యమాల కథ ఇక్కడ పాఠాలయ్యాయి. నేర్పేవారు పక్క వీధిలోని నర్సు, విశ్వవిద్యాలయంలో చదివే యువకుడు, వారంలో ఐదు రోజులు ప్రభుత్వ బడిలో పనిచేసే ఉపాధ్యాయురాలు. పాఠం అయ్యాక పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిదండ్రులకు ప్రభుత్వ బడి నుంచి వచ్చిన ఉత్తరం అర్థమేమిటో, ప్రత్యేక పాఠశాలకు పంపుతామంటే ఎవరిని కలవాలో, ఏ పత్రం మీద సంతకం చేయకూడదో చెప్పే చోటు కూడా అదే. కోర్డ్ పుస్తకంలోనూ తల్లిదండ్రులు తక్షణం చేయవలసిన పనుల జాబితాలో తరచుగా బడికి వెళ్లి అడగడం, సొంతంగా శిశు పాఠశాలలూ అనుబంధ పాఠశాలలూ తెరవడం పక్కపక్కనే ఉన్నాయి.

సంస్కృతి ఒక్కటే చాలదు

ఈ బడుల విజయాన్ని ‘సొంత సంస్కృతి నేర్పడం వల్ల ఆత్మగౌరవం పెరిగి చదువు వచ్చింది’ అన్న ఒక్క సూత్రంతో వివరించడం తేలిక. పరిశోధకురాలు మౌరీన్ స్టోన్ 1981లో వెలువరించిన గ్రంథం ఈ సూత్రాన్నే ప్రశ్నించింది. అప్పటికి ప్రభుత్వ బడులు కొన్ని ‘బహుళజాతి విద్య’ పేరిట కరీబియన్ సంగీతం, వంటలు, పండగలను పాఠ్యక్రమంలోకి తెచ్చి నల్లజాతి పిల్లల ఆత్మగౌరవాన్ని పెంచుతున్నామని భావించాయి. పిల్లలకు ఆత్మగౌరవం లోపించిందన్న నిర్ధారణే తప్పని, లోపించినది గట్టి బోధన అని స్టోన్ వాదించింది. తల్లిదండ్రులు కోరుతున్నది తమ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని; శనివారం బడులు సంప్రదాయ పద్ధతిలో, క్రమశిక్షణతో ఆ పని చేస్తున్నాయి కాబట్టే పిల్లలు సెలవు పూట కూడా వస్తున్నారని ఆమె ఎత్తిచూపింది. ఈ వాదంలో కొంత అతి ఉన్నమాట నిజమే. చరిత్ర పాఠం ఆ బడులకు అలంకారం కాదు, బిడ్డ చదవగలడన్న నమ్మకానికి అది పునాది. కానీ బోధనలోని బిగువును ప్రభుత్వ బడి తన వద్ద వదులుకుని, సంస్కృతిని మాత్రం పైపూతగా స్వీకరిస్తే బిడ్డకు ఒరిగేదేమీ లేదన్న ఆమె హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది.

ఇక్కడే ఒక పరిమితిని గుర్తించాలి. శనివారం పూట బిడ్డను లేపి తయారుచేసి పంపే తల్లిదండ్రులు మొదటినుంచీ చదువు మీద పట్టుదల ఉన్నవారే గనుక, ఆ పిల్లల ప్రగతిలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అని విడదీసి కొలవడం కష్టం. అయితే ఇదే వాస్తవం మరో అపోహను తుడిచిపెడుతుంది. వలస కుటుంబాలకు చదువు పట్టదన్న మాట అప్పట్లో ప్రభుత్వ బడుల్లో తరచుగా వినిపించేది. వారమంతా షిఫ్టుల్లో పనిచేసి, శనివారం అద్దె గదుల్లో బల్లలు సర్దిన మనుషులే దానికి జవాబు. 1990లలో ఈ బడులను పరిశీలించిన సామాజిక శాస్త్రజ్ఞులు హైదీ మీర్జా, డయాన్ రే, వీటిని ప్రధానంగా స్త్రీలే నడుపుతున్నారని గమనించి, జెండాలూ ఊరేగింపులూ లేకపోయినా ఇదొక సామాజిక ఉద్యమమేనని నిర్ధారించారు.

ప్రభుత్వం విన్నదెంత, విననిదెంత

ప్రభుత్వం నియమించిన ర్యాంప్టన్ కమిటీ 1981లో ఇచ్చిన మధ్యంతర నివేదిక సమస్య తీవ్రతను అధికారికంగా అంగీకరించింది. ఆరు ప్రాంతాల్లో బడి ముగించినవారిలో ఐదు లేదా అంతకుమించిన సబ్జెక్టుల్లో ఉన్నత శ్రేణి సాధించిన వెస్టిండియన్ పిల్లలు 3 శాతం మాత్రమే కాగా, ఆసియా మూలాల పిల్లల్లో అది 18 శాతం, మిగిలినవారిలో 16 శాతం. ఉద్దేశపూర్వకంగానో తెలియకుండానో ఉపాధ్యాయుల్లో ఉన్న జాతి వివక్ష కూడా ఒక కారణమని ఆ నివేదిక పేర్కొంది. అదే ఏడు వచ్చిన విద్యా చట్టం, 1978 నాటి వార్నాక్ నివేదిక సిఫారసును అనుసరించి, పాత వైకల్య వర్గాలను రద్దు చేసి ‘ప్రత్యేక విద్యావసరాలు’ అనే భావనను ప్రవేశపెట్టింది. ఆ చట్టానికి కారణాలు అనేకం ఉన్నా, తల్లిదండ్రుల సంఘాలు పదేళ్లకు పైగా చేసిన పోరాటం ఆ వర్గీకరణకు నైతికబలం లేకుండా చేసిందనడంలో సందేహం లేదు. సొంత బడి పెట్టుకున్నవారు ప్రభుత్వ బడిని దాని మానాన వదిలేస్తారన్న విమర్శకు చరిత్ర ఇచ్చిన సమాధానం ఇది: శనివారం బడి నడిపిన చేతులే సోమవారం విద్యాధికారికి వినతిపత్రం ఇచ్చాయి.

ర్యాంప్టన్ కమిటీయే తరువాత స్వాన్ అధ్యక్షతన 1985లో వెలువరించిన తుది నివేదిక ‘అందరికీ విద్య’ అనే ఆదర్శాన్ని ప్రకటించింది కానీ, మాతృభాషను కాపాడుకునే పని ఆయా సమాజాలదేనని, ప్రభుత్వ బడిది కాదని తేల్చింది. అందుకు బడి గదులను ఉచితంగా ఇవ్వాలని మాత్రం సూచించింది. ఈ సూచన అమలు డబ్బు మీద ఆధారపడింది. అల్పసంఖ్యాక సంఘాలకు గ్రాంట్లు ఇచ్చిన గ్రేటర్ లండన్ కౌన్సిల్ 1986లో, ఇన్నర్ లండన్ విద్యా సంస్థ 1990లో రద్దయ్యాయి. 1988 విద్యా సంస్కరణల చట్టంతో ప్రతి బడీ తన బడ్జెట్‌ను తానే చూసుకోవలసి వచ్చాక, సెలవు రోజున హాలు తెరవడానికయ్యే వాచ్‌మన్ జీతం, కరెంటు ఖర్చు కూడా లెక్కలోకి వచ్చాయి. గ్రాంటు ఉన్నంతకాలం నడిచి, ఆగగానే మూతపడిన కేంద్రాలు ఒకవైపు, గ్రాంటు వస్తే షరతులూ వస్తాయని చందాలతోనే నెట్టుకొచ్చిన కేంద్రాలు మరొకవైపు కనిపిస్తాయి. మొదటివాటికి నిలకడ లేదు. రెండోవాటికి ఎదుగుదల లేదు.

నియంత్రణ ప్రశ్న కూడా ఆ తరువాత ముందుకొచ్చింది. వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలకు మించి బోధించే కేంద్రాలన్నిటినీ నమోదు చేసి తనిఖీ చేయాలని 2015లో బ్రిటిష్ ప్రభుత్వం ప్రతిపాదించింది. తీవ్రవాద భావాలను అడ్డుకోవడం, పిల్లల భద్రత దీని లక్ష్యాలుగా చెప్పింది. మత సంస్థల నుంచి, స్వచ్ఛంద సంఘాల నుంచి వ్యతిరేకత రావడంతో 2018లో ఆ ప్రతిపాదనను పక్కనపెట్టింది. పిల్లలతో పనిచేసే ప్రతి వ్యక్తి పూర్వచరిత్రను పరిశీలించాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఒక వర్గం మీద అనుమానంతో మొదలైన తనిఖీ, ఆ వర్గం నమ్మకంతో నిలబడిన సంస్థను మెరుగుపరచలేదు.

తెలుగువారికి ఇందులో ఉన్న సంబంధం

ఈ చర్చ తెలుగువారికి పరాయిది కాదు. విదేశాల్లోని తెలుగు కుటుంబాలు వారాంతాల్లో నడిపే తెలుగు తరగతులు స్వరూపంలో శనివారం బడులే. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థలు ఈ పనిని పెద్ద ఎత్తున చేపట్టి, హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయం గుర్తింపుతో పరీక్షలు జరిపే స్థాయికి వెళ్లాయి. బ్రిటన్‌లో పంజాబీ, గుజరాతీ, బెంగాలీ, ఉర్దూలకు పదహారేళ్ల వయసులో రాసే పబ్లిక్ పరీక్షల్లో చోటుంది. కొన్ని సామాజిక భాషల పరీక్షలను ఎత్తివేయాలని పరీక్షా బోర్డులు అనుకున్నప్పుడు ఆ సమాజాలు పట్టుబట్టడంతో 2016లో ప్రభుత్వం జోక్యం చేసుకుని అవి కొనసాగేలా చేసింది. తెలుగుకు ఆ జాబితాలో స్థానం లేదు. విదేశాల్లో ఈ తెలుగు తరగతులు నడిపే కుటుంబాల్లో అధికభాగం చదువుకున్న ఉద్యోగుల కుటుంబాలు కావడంతో, వారి తరగతులకు భాషను కాపాడుకోవడమే లక్ష్యం. ప్రభుత్వ బడి తమ పిల్లలను తక్కువగా వర్గీకరిస్తుందన్న భయం అక్కడ పనిచేయదు. ఈ తేడా వల్లనే కరీబియన్ బడులకు అబ్బిన పోరాట స్వభావం ఆ తరగతుల్లో కనిపించదు.

పోరాట స్వభావం ఉన్న సంప్రదాయం తెలుగునేల మీదే మరోచోట కనిపిస్తుంది. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగా, బోధనభాషగా ఉన్న రోజుల్లో, కులం వల్ల బడి గడప దాటలేని దళిత పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదులో తెలుగు బడులు స్థాపించాడు. బడి, సంఘ సంస్కరణ సభ, హక్కుల ఉద్యమం ఆయన చేతిలో వేర్వేరు పనులు కావు. నేడు పశ్చిమ ఒడిశా నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇటుక బట్టీలకు ఏటా వలస వచ్చే కుటుంబాల పిల్లలు తెలుగు మాధ్యమ తరగతిలో మౌనంగా కూర్చున్నప్పుడు, తెలుగు రాకపోవడాన్ని తెలివి లేకపోవడంగా భ్రమపడే ప్రమాదం 1967 నాటి లండన్‌లో ఎంత ఉండేదో ఇక్కడా అంతే ఉంది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించే వసతి కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణ రాష్ట్రాలకు నిర్దేశిస్తున్నది. వలస కూలీ బిడ్డ రెండో ఊరికి వెళ్లేసరికి ఆ నిర్దేశం కాగితం మీదే ఉండిపోతున్నది.

ఈ అనుభవాల నుంచి విధాన నిర్ణేతలు గ్రహించవలసినవి మూడున్నాయి. మొదటిది, సమాజాలు నడిపే విద్యాకేంద్రానికి ప్రభుత్వం ఇవ్వవలసిన తొలి సాయం సెలవు రోజుల్లో ఖాళీగా ఉండే బడి గది, దానితోపాటు బోధించే స్వచ్ఛంద కార్యకర్తకు శిక్షణ; ఏటేటా మారే గ్రాంటు కంటే ఈ రెండూ ఎక్కువ కాలం నిలుస్తాయి. రెండోది, బిడ్డను ఏ ప్రత్యేక వర్గంలోనైనా చేర్చే ముందు ఆ బిడ్డ భాష తెలిసిన వ్యక్తి సమక్షంలో పరీక్షించడం, తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో కారణాలు చెప్పడం, నిర్ణీత గడువులో పునఃపరిశీలించడం తప్పనిసరి చేయాలి. కరీబియన్ కుటుంబాలు పదేళ్లకు పైగా పోరాడింది ఇలాంటి హక్కుల కోసమే. మూడోది, అనుబంధ పాఠశాల కిటకిటలాడుతుంటే దాన్ని సంస్కృతీ వికాసంగా మెచ్చుకుని ఊరుకోకుండా, పక్కనున్న ప్రభుత్వ బడిలో ఏం లోపించిందో విచారించాలి. సమాజం తన పిల్లల కోసం తెరిచిన బడి ప్రభుత్వ బాధ్యతను తగ్గించదు. ఆ బాధ్యత ఎక్కడ నెరవేరలేదో అది వేలెత్తి చూపుతుంది.